లూమ్ ఆట: పిల్లలతో ఆడాలంటే ఏ వెర్షన్, ఏ స్థాయి? స్వరాలు ఎలా రాసుకోవాలి?

#1 — బొమ్మలపెట్టె

లుకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్ల 1990 నాటి కంప్యూటర్ ఆట లూమ్ గురించి అడుగుతున్నాను. తొమ్మిదేళ్ల పాప మౌస్ పట్టుకుంటుంది, పక్కన పెద్దవాళ్లు కూర్చుంటారు. పాప ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతుంది. కర్ణాటక సంగీతంలో సరళీ వరసలు, జంట వరసలు అయ్యాయి.

ప్రశ్నలు మూడు. పదహారు రంగుల పాత వెర్షన్ మంచిదా, మాటలు వినిపించే సీడీ వెర్షన్ మంచిదా? ప్రాక్టీస్, స్టాండర్డ్, ఎక్స్‌పర్ట్ స్థాయిల్లో ఏది? స్వరాలన్నీ కాగితం మీద రాసుకోవాలంటున్నారు, దానికి తేలిక పద్ధతి ఉందా?

కథ మలుపులు దయచేసి చెప్పొద్దు. చెప్పక తప్పకపోతే పైన హెచ్చరిక పెట్టండి.

#2 — పదహారురంగులు

వెర్షన్ సంగతి నేను చెప్తాను, మిగతావి సంగీతం తెలిసినవాళ్లకు వదిలేస్తాను.

పనికొచ్చేవి మూడున్నాయి.

మొదటిది 1990 నాటి డాస్ ఫ్లాపీ వెర్షన్. పదహారు రంగులే, అయినా మార్క్ ఫెరారీ వేసిన నేపథ్యాలు చూస్తే రంగుల కొరత గుర్తుకు రాదు. రెండు రంగుల చుక్కలను పక్కపక్కనే చల్లి మూడో రంగు ఉందన్న భ్రమ పుట్టించాడు. రాత్రి ఆకాశపు నీలాలు ఈ వెర్షన్‌లో ఉన్నంత బాగా మరెక్కడా లేవు. సంభాషణలు పూర్తిగా ఉంటాయి, ముఖాలను దగ్గరగా చూపే బొమ్మలూ ఉంటాయి. మాటలు వినిపించవు, చదువుకోవాలి.

రెండోది 1991లో జపాన్‌లో ఎఫ్ఎమ్ టౌన్స్ కంప్యూటర్ కోసం వచ్చింది. 256 రంగులు, సంగీతం సీడీ నుంచి, కత్తిరింపులు దాదాపు లేవు. అన్నింటిలోకీ సమగ్రమైనది ఇదే అని చాలామంది అంటారు, నా మాటా అదే. కానీ ఇప్పుడు దుకాణాల్లో దొరకదు.

మూడోది 1992 నాటి పీసీ సీడీ వెర్షన్. 256 రంగులు, నటుల గొంతులు. జీఓజీ, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో ఇప్పుడు అమ్ముతున్నది ఇదే. ఇందులో ముఖాల బొమ్మలు చాలావరకు తీసేశారు, సంభాషణలు కుదించారు. కారణం డిస్కులోనే ఉంది. మాటలు, సంగీతం కలిపి మామూలు పాటల సీడీలో ఉండే ఆడియో ట్రాక్‌గానే పెట్టారు. ఆ పద్ధతిలో ఒక డిస్కులో గంటంపావుకు మించి పట్టదు. అందుకని మాటలకు కోత పడింది.

మీ పాపకు సీడీ వెర్షనే. చదవడం నెమ్మది కాబట్టి గొంతు వినిపిస్తే సగం భావం అందుతుంది, మిగతా సగం పక్కనున్నవాళ్లు తెలుగులో చెప్పొచ్చు. స్పేస్ నొక్కితే ఆట ఆగుతుంది, ఆ విరామంలో వివరించండి.

ఒక్క జాగ్రత్త. పిల్లలు విసుగొచ్చి ఎస్కేప్ నొక్కుతారు. దానితో నడుస్తున్న దృశ్యం మొత్తం ఎగిరిపోతుంది. అందులో స్వరాలు వినిపించాల్సి ఉంటే అవీ పోయినట్టే. ఒక్క వాక్యం దాటించాలంటే చుక్క మీట చాలు.

#3 — శంకరాభరణం29

పాప సంగీతం నేర్చుకుంటోందన్నారు కాబట్టి ఈ ఆట ఆమె కోసమే చేసినట్టుంది.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. ఆటలో సంచి లేదు, వస్తువులు పోగేయడం లేదు, 'తీసుకో', 'తెరువు' అంటూ క్రియల పట్టికా లేదు. కథానాయకుడు బాబిన్ చేతిలో డిస్టాఫ్ అనే కర్ర ఉంటుంది. తెర అడుగున దాన్ని అడ్డంగా చూపిస్తారు. ఏదైనా వస్తువు మీద ఒకసారి నొక్కితే అది కుడి మూలన బొమ్మగా కనిపిస్తుంది. దాని మీద మంత్రం వేయాలంటే డిస్టాఫ్ మీద నాలుగు స్వరాలు వరసగా వాయించాలి. ఆ నాలుగు స్వరాల వరసను డ్రాఫ్ట్ అంటారు. ఊరికే పరిశీలించాలంటే, తాకాలంటే రెండుసార్లు నొక్కాలి. మొత్తం ఆడే తీరు ఇంతే.

స్వరాలు ఎనిమిది. పాశ్చాత్య పద్ధతిలో సీ మేజర్ స్కేలు. మన లెక్కలో ఒకటో శ్రుతిలో ధీరశంకరాభరణం, 29వ మేళకర్త:

సీ — స
డీ — రి2 (చతుశ్రుతి రిషభం)
ఈ — గ3 (అంతర గాంధారం)
ఎఫ్ — మ1 (శుద్ధ మధ్యమం)
జీ — ప
ఏ — ద2 (చతుశ్రుతి ధైవతం)
బీ — ని3 (కాకలి నిషాదం)
పై సీ — తారస్థాయి స, కాగితం మీద పైన చుక్క పెట్టుకోండి

అక్షరాల బదులు ఈ స్వరాలతోనే రాసుకోండి. తెలుగులో 'ఈ', 'ఏ' అని రాస్తే మామూలు మాటలతో కలిసిపోయి గందరగోళమవుతుంది. 'గ స గ రి' అని రాస్తే పాప వెంటనే పాడేస్తుంది. పాడగలిగితే సగం గుర్తున్నట్టే.

ఒక చిక్కు ముందే చెప్పాలి. సరళీ వరసలు మాయామాళవగౌళలో నేర్పుతారు, అది 15వ మేళం. అందులో రి1, ద1 ఉంటాయి. లూమ్‌లో వచ్చేవి రి2, ద2. స, గ, మ, ప, ని రెండింటిలోనూ ఒకటే. అంటే పాప చెవికి ఐదు స్వరాలు అలవాటైన చోటే పలుకుతాయి, రి, ద మాత్రం అర మెట్టు పైన వినిపిస్తాయి. రి2ని విని 'గ'లా ఉందే అని తడబడటం సహజం. ఆట మొదలుపెట్టేముందు మోహనం ఆరోహణ అవరోహణలు నాలుగుసార్లు పాడించండి. స రి2 గ3 ప ద2 కాబట్టి ఆ రెండు స్వరాల చోటు చెవిలో కూర్చుంటుంది.

#4 — బొమ్మలపెట్టె

ఇది బాగుంది, ధన్యవాదాలండి. మరి చెవితో పట్టగలదు కాబట్టి నేరుగా ఎక్స్‌పర్ట్‌లో పెట్టొచ్చా?

#5 — శంకరాభరణం29

వద్దు, స్టాండర్డ్ పెట్టండి.

ప్రాక్టీస్‌లో వినిపించిన స్వరాల పేర్లు డిస్టాఫ్ కింద పెట్టెలో రాసి కనిపిస్తాయి. చూసి నొక్కడమే, చెవికి పని లేదు. స్టాండర్డ్‌లో డిస్టాఫ్ మీద స్వరాల గుర్తులుంటాయి, మోగుతున్న చోటు వెలుగుతుంది. కన్ను, చెవి రెండూ పనిచేయాలి. ఎక్స్‌పర్ట్‌లో ఆ గుర్తులూ వెలుగూ ఉండవు, వినే పట్టుకోవాలి.

స్వరజ్ఞానం ఉన్న పిల్లలకు కూడా ఎక్స్‌పర్ట్‌లో ఇబ్బంది ఎక్కడంటే, క్లాసులో శ్రుతి పెట్టె మోగుతూ 'స' ఎప్పుడూ చెవిలో ఉంటుంది. ఆటలో శ్రుతి ఉండదు. నాలుగు స్వరాలు అకస్మాత్తుగా మోగి ఆగిపోతాయి, మొదటి స్వరం గాంధారమా పంచమమా అని పోల్చుకోవడానికి ఆధారం ఉండదు. కాబట్టి ఎక్స్‌పర్ట్‌కు వెళ్లినప్పుడు ఫోన్‌లో తంబూరా యాప్‌ను ఒకటో శ్రుతిలో సన్నగా పెట్టుకోండి. ముందు ఆటలోని 'స' నొక్కి, యాప్ శ్రుతితో కలుస్తోందో లేదో చూసి సరిచేయండి. దీన్ని మోసం అనేవాళ్లుంటారు, అననివ్వండి.

#6 — దారిచూపు

ఎక్స్‌పర్ట్‌లో ఆడినవాళ్లకు మిగతా స్థాయిల్లో రాని ఒక చిన్న దృశ్యం అదనంగా కనిపిస్తుంది. అది రెండోసారి ఆడటానికి సాకుగా ఉంచండి. దారి తెలిశాక ఆట చిన్నదే, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

#7 — కొత్తమగ్గం

నేనూ ఇదే ఆట మొదలుపెట్టాను. గుడ్డు దగ్గర డ్రాఫ్ట్ పనిచేసింది. ఆ తర్వాత ఒక సైట్‌లో దొరికిన స్వరాల పట్టిక చూసి వాయిస్తే ఏదీ పనిచేయడం లేదు. సాఫ్ట్‌వేర్ లోపమా? కొన్ని స్వరాలైతే నొక్కినా మోగడమే లేదు.

#8 — దారిచూపు

లోపం కాదు. రెండు వేర్వేరు కారణాలు.

ఒకటి, చాలా డ్రాఫ్ట్‌ల స్వరాలు కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ మారిపోతాయి. వేరొకరి పట్టిక మీ ఆటకు పనికిరాదు. గుడ్డు దగ్గర నేర్చుకునే 'తెరవడం' మాత్రం అందరికీ ఒకటే: గ స గ రి. అందుకే అది పనిచేసింది, మిగతావి పనిచేయలేదు. ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా కొత్త ఆటలు మొదలుపెట్టి ఒకే నోట్‌బుక్ వాడినా ఇదే జరుగుతుంది. సేవ్ చేసిన ఆటను తెరిస్తే స్వరాలు మారవు, కొత్తగా మొదలుపెడితేనే మారతాయి. కాబట్టి నోట్‌బుక్‌లో పేజీ పైన ఇది ఎవరి ఆటో రాయండి.

రెండు, మొదట్లో బాబిన్‌కు మూడే స్వరాలు వస్తాయి: స, రి, గ. కథ సాగేకొద్దీ ఒక్కొక్కటే పైకి పెరుగుతాయి. మోగనివి ఇంకా రాని స్వరాలు. పై స్వరాలున్న డ్రాఫ్ట్ ముందే వినపడితే రాసిపెట్టుకోండి, వాయించే రోజు తర్వాత వస్తుంది. ఇక్కడే చాలామంది జారతారు. ఇప్పుడు పనిచేయదు కదా అని రాసుకోరు, తర్వాత వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు.

విన్న డ్రాఫ్ట్‌ల జాబితా ఆట దాచిపెట్టదు. అప్పట్లో పెట్టెలో ఒక చిన్న డ్రాఫ్ట్‌ల పుస్తకం ఇచ్చేవారు. ఒక్కో మంత్రం వివరం పక్కన స్వరాలు రాసుకోవడానికి ఖాళీ ఉండేది, ప్రతి ఆటకూ మారతాయి కాబట్టి పెన్సిల్‌తోనే రాయమని చెప్పేవారు. మీరూ పెన్సిలే వాడండి.

#9 — లెక్కలరావు

పట్టిక లేకుండా అన్నీ ప్రయత్నించి కనిపెట్టొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే లెక్క. మూడు స్వరాలతో నాలుగేసి వరసలు 81. ఎనిమిది స్వరాలూ వచ్చాక 4096. మొదట్లో ఓపికుంటే కుదరొచ్చు, తర్వాత కుదరదు. వినడమే మార్గం.

#10 — శంకరాభరణం29

రాసుకునే పద్ధతి అడిగారు కదా. పేజీకి నాలుగు గడులు గీయండి: ఎక్కడ విన్నాం, ఏం చేస్తుంది, అనులోమం, విలోమం.

చివరి గడి ఎందుకంటే, ఈ ఆట గుండెకాయ అదే. డ్రాఫ్ట్‌ను వెనక నుంచి వాయిస్తే వ్యతిరేక పని చేస్తుంది. గ స గ రి తెరుస్తుంది, రి గ స గ మూస్తుంది. రంగు అద్దేది తిప్పి వాయిస్తే రంగు తీసేస్తుంది. గడ్డిని బంగారం చేసేది తిప్పితే బంగారాన్ని గడ్డి చేస్తుంది. పదును పెట్టేది తిప్పితే మొద్దుబారుస్తుంది.

పిల్లలు చేసే తప్పు ఒకటే. అప్పటికప్పుడు మనసులో తిప్పబోయి మొదటి స్వరాన్ని, చివరి స్వరాన్ని మాత్రం మార్చి, మధ్య రెండింటినీ అలాగే వదిలేస్తారు. గ స గ రి ని 'రి స గ గ' అనేస్తారు. విన్న వెంటనే విలోమం కూడా పక్క గడిలో రాయిస్తే ఈ గొడవ ఉండదు.

కొన్ని డ్రాఫ్ట్‌లు ఎటు నుంచి వాయించినా ఒకటే. 'వికటకవి' తెలిసిన పిల్లలకు ఇది ఒక్క మాటలో అర్థమైపోతుంది. అలాంటివాటికి వ్యతిరేకం ఉండదు. భయపెట్టే డ్రాఫ్ట్ ఆ రకం. రాసుకోగానే అలా ఉందేమో చూసి విలోమం గడిలో అడ్డగీత కొట్టేయండి.

#11 — లెక్కలరావు

మూడు స్వరాల 81 వరసల్లో వికటకవులు 9. ఎనిమిది స్వరాల 4096లో 64. మిగతావన్నీ తిప్పితే వేరే వరస అవుతాయి. కానీ వరస వేరైనంత మాత్రాన ప్రతి డ్రాఫ్ట్‌కూ తిప్పి వాడే చోటు ఆటలో ఉంటుందనుకోకండి.

#12 — దారిచూపు

హెచ్చరిక: మొదటి దీవి పరిష్కారాలు ఉన్నాయి. కథ మలుపులు లేవు.

ఎక్కడ ఆగిపోతారో అక్కడే నిలబడి చెప్తాను.

కొండ అంచున మొదలవుతుంది. చెట్టుకు మిగిలిన ఒక్క ఆకు మీద నొక్కి చూడండి. తర్వాత ఊళ్లోకి దిగి పెద్ద గుడారంలోకి వెళ్లండి. అక్కడ పొడవైన దృశ్యం ఒకటి నడుస్తుంది, అది అయ్యాక డిస్టాఫ్ మీ చేతికొస్తుంది. గుడ్డు మీద రెండుసార్లు నొక్కితే నాలుగు స్వరాలు వినిపిస్తాయి. అవే దాని మీద వాయించండి.

ఇక దీవిలో తిరగడమే. పాఠం ఏమిటంటే, ఈ ఆటలో ఎవరూ కూర్చోబెట్టి మంత్రాలు నేర్పరు. ఏదైనా పని జరుగుతుంటే ఆ పనికి సంబంధించిన స్వరాలు అక్కడే వినిపిస్తాయి. రంగుల కుండ దగ్గర అద్దకం. అడవిలో గుడ్లగూబల దగ్గర చీకట్లో చూసే డ్రాఫ్ట్. కనిపించిన ప్రతిదాన్నీ రెండుసార్లు నొక్కాలి.

చీకటిగా ఉన్న గుడారం దగ్గర చాలామంది వెనక్కి వచ్చేస్తారు. లోపలికి వెళ్లి చీకటి మీదే గుడ్లగూబల డ్రాఫ్ట్ వాయించండి. లోపల గడ్డి నుంచి బంగారం వడికే రాట్నం ఉంటుంది. ఆ స్వరాలు తప్పక రాసుకోండి, విలోమంతో సహా. పెద్దవాళ్లకు గమనిక: విలోమం చాలా తర్వాత అవసరమవుతుంది, అప్పటికి పిల్లలు మర్చిపోతారు.

తర్వాత అసలు ఆగిపోయే చోటు, దీవి దాటడం. పడవ లేదు. అందరూ రేవు దగ్గర వెతుకుతుంటారు. పరిష్కారం అక్కడ లేదు, ఆట మొదలైన కొండ అంచున ఉంది. ఆకాశం మీద నొక్కి 'తెరవడం' వాయించండి. పిడుగు పడి చెట్టు కూలి సముద్రంలో పడుతుంది. ఆ దుంగే పడవ. ఆకాశాన్ని కూడా ఒక వస్తువుగా నొక్కవచ్చని తట్టకపోవడమే ఇక్కడ చిక్కు. పాపకు పరిష్కారం చెప్పకండి, 'ఇంకా ఏమేం తెరవొచ్చు?' అని ఒక్క ప్రశ్న వేయండి.

రేవులో ఆల్చిప్ప, సముద్రపు పక్షి ఉంటాయి. అక్కడ కూడా 'తెరవడం' వేసి చూడనివ్వండి, పిల్లలు నవ్వుతారు.

సముద్రం మధ్యలో సుడిగాలి నీటి స్తంభం అడ్డొస్తుంది. అది తిరుగుతూ మెలితిప్పే డ్రాఫ్ట్ వినిపిస్తుంది. దాన్ని అలాగే వాయిస్తే లాభం లేదు, వెనక నుంచి వాయించాలి. తిప్పి వాయించడం పిల్లలకు బాగా ఎక్కేది ఇక్కడే.

#13 — కొత్తమగ్గం

ఆకాశం! రేవంతా నొక్కి నొక్కి విసిగిపోయాను. ధన్యవాదాలు అన్నా.

దీవి దాటాక గొర్రెల కాపరులు అడవిలో అడ్డంగా నిలబడి వెళ్లనివ్వడం లేదు. చిన్న సూచన చాలు.

#14 — దారిచూపు

గాజుపనివాళ్ల నగరం పూర్తిగా చూశారా? స్ఫటిక గోళంలో చూపించేవన్నీ చివరిదాకా చూడండి, విన్నవన్నీ రాసుకోండి. ఆ పేజీతో కాపరుల దగ్గరికి వెళ్లండి. వాళ్లు బతిమాలితే తప్పుకునే రకం కాదు. పైన #10లో దీని జవాబు పేరు కూడా ఉంది.

ఆ తర్వాత గొర్రెలను డ్రాగన్ కంటపడకుండా కాపాడే పని ఉంటుంది. పచ్చిక ఏ రంగులో ఉందో చూడమనండి, చాలు.

#15 — పెరటిమల్లె

సాంకేతిక ప్రశ్న. స్టీమ్‌లో కొన్నాను. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో స్కమ్‌వీఎమ్ (పాత ఆటలను కొత్త పరికరాల్లో నడిపే ప్రోగ్రామ్) వేసి, ఫోల్డర్‌లోంచి పెద్దగా కనిపించిన ఫైళ్లు కొన్ని కాపీ చేశాను. 'ఈ ఫోల్డర్‌లో ఆట ఏదీ లేదు' అంటోంది. తర్వాత ఇంకొకరి దగ్గరున్న అసలు సీడీ నుంచి ఫైళ్లు తీస్తే ఆట మొదలైంది, కానీ మాటల్లేవు, సంగీతం లేదు, బొమ్మలు మాత్రం కదులుతున్నాయి.

#16 — పదహారురంగులు

రెండూ తరచూ వచ్చేవే.

సీడీ వెర్షన్‌ను స్కమ్‌వీఎమ్ గుర్తుపట్టడానికి సూచిక ఫైలు కావాలి. మామూలుగా దాని పేరు 000.ఎల్ఎఫ్ఎల్. దానితోపాటు 901 నుంచి 904 వరకు అక్షరాల ఫైళ్లు, అసలు సరుకంతా ఉన్న డిస్క్01.ఎల్ఈసీ ఉండాలి. స్టీమ్ కాపీలో ఆ సూచిక విడిగా ఉండదు, లూమ్.ఈఎక్స్ఈ లోపలే కలిపేశారు. ఆండ్రాయిడ్‌లో ఈఎక్స్ఈ నడవదు కదా అని దాన్ని వదిలేసి మిగతావి కాపీ చేస్తారు, అందుకే దొరకదు. ఈఎక్స్ఈ సహా ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. అది నడవక్కర్లేదు, స్కమ్‌వీఎమ్ అందులోంచి సూచిక చదువుకుంటే చాలు. శబ్దం సీడీడీఏ.ఎస్ఓయూ అనే ఫైలులో ఉంటుంది, అదీ ఉండేలా చూడండి.

పాత పదహారు రంగుల వెర్షన్‌లో ఫైళ్ల పేర్లు రెండంకెలతో మొదలవుతాయి: 00.ఎల్ఎఫ్ఎల్, 01.ఎల్ఎఫ్ఎల్ అలా. మూడంకెలుంటే సీడీ వెర్షన్. రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో కలపొద్దు.

ఇక అసలు సీడీ. #2లో చెప్పినట్టు శబ్దమంతా పాటల సీడీ తరహా ట్రాక్. ఫైళ్లు కాపీ చేస్తే డేటా మాత్రమే వస్తుంది, ఆడియో ట్రాక్ రాదు. సీడీలోంచి పాటలు తీసే ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా దాన్ని విడిగా తీసి, ట్రాక్1 అని పేరు పెట్టి అదే ఫోల్డర్‌లో ఉంచాలి. ఫ్లాక్ రూపంలో పెట్టండి, లేదా ఓజీజీ. ఎమ్‌పీ3 వద్దంటాను. ఆ పద్ధతిలో ఫైలు మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. ఈ ఆట ప్రతి మాటనూ 'ట్రాక్‌లో ఇన్ని క్షణాల దగ్గర' అని లెక్కపెట్టి పిలుస్తుంది కాబట్టి మొదట్లో చేరినదే చివరిదాకా వెంటాడుతుంది.

మాటల మొదలు తెగిపోతున్నా, పక్క వాక్యం తోక వినపడుతున్నా స్కమ్‌వీఎమ్‌లో లూమ్‌కు ప్రత్యేకంగా సర్దుబాటు ఉంది. ఆట మీద ఎంచుకుని గేమ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే ప్లేబ్యాక్ అడ్జస్ట్‌మెంట్ అని స్లైడర్ ఉంటుంది, కొద్దికొద్దిగా జరిపి చూడండి. దాని దగ్గరే ఓవర్చర్ టైమింగ్ అని ఇంకొకటుంది. అది ఆరంభ సంగీతానికి, తెర మీద పేర్లకు పొత్తు కుదర్చడానికి మాత్రమే. మాటల సమస్యకు దాన్ని జరిపి లాభం లేదు.

#17 — పెరటిమల్లె

ఈఎక్స్ఈ కూడా వేశాక గుర్తుపట్టింది. ఇప్పుడు ఇంకోటి. టాబ్లెట్‌లో తాకితే బాణం గుర్తు వేరేచోట ఉంటోంది, డిస్టాఫ్ మీద స్వరాలు ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది.

#18 — పదహారురంగులు

టచ్ మోడ్ టచ్‌ప్యాడ్‌లో ఉన్నట్టుంది. ఆ మోడ్‌లో తెర మొత్తం లాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌లా పనిచేస్తుంది, వేలు పెట్టిన చోట బాణం ఉండదు. సెట్టింగ్స్‌లో డైరెక్ట్ మౌస్ అని మార్చండి. వేలు పెట్టిన చోటే నొక్కు పడుతుంది, స్వరాలు వాయించడానికి అదే సుఖం.

తెర ఆకారం కూడా చూసుకోండి. ఆట 320×200లో గీసినా అప్పటి మానిటర్లలో అది 4:3గా సాగి కనిపించేది. యాస్పెక్ట్ రేషియో కరెక్షన్ ఆన్ చేయకపోతే మనుషులు పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తారు.

పదహారు రంగుల వెర్షన్ ఆడేవాళ్లు అంచులు నునుపు చేసే ఫిల్టర్లు వాడొద్దు. చుక్కల మీద ఆధారపడ్డ బొమ్మలవి. ఫిల్టర్ ఆ చుక్కలను గీతలనుకుని కలిపేస్తుంది, ఆకాశం పాచిపట్టినట్టవుతుంది.

#19 — చదువులతల్లి

పిల్లల వైపు నుంచి ఒక మాట. ఈ ఆటలో బాబిన్ చావడు, తప్పు నొక్కి ఎక్కడా శాశ్వతంగా ఇరుక్కుపోరు. ఆ రోజుల్లో సియెర్రా కంపెనీ ఆటలు అలా ఉండేవి కావు. వాళ్ల కింగ్స్ క్వెస్ట్ 5లో ఆకలేసినప్పుడు తొందరపడి 'పై' అనే తీపి వంటకాన్ని తినేస్తే, తర్వాత మంచుకొండల్లో యెతి ఎదురైనప్పుడు విసరడానికి ఏమీ ఉండదు. పాత సేవ్ ఉంటే సరి, లేకపోతే మొదటి నుంచి. పిల్లలతో ఆడటానికి లూమ్‌నే ముందు చెప్పడానికి కారణం అదే.

అలాగని చివరిదాకా పూలబాట కాదు. చిన్న హెచ్చరిక: చివరి మూడో వంతులో చావు ప్రస్తావన ఉంది, మతగురువు బిషప్ మాండిబుల్ దుర్మార్గం ఉంది, ఆ తర్వాత వచ్చే శత్రువు రూపం చిన్నపిల్లలకు భయం పుట్టించవచ్చు. రక్తపాతంగా చూపించరు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలైతే ఆ భాగం పగలు ఆడండి.

ముగింపు కూడా అన్నీ సర్దుకుని అందరూ సుఖంగా ఉన్నారన్న తరహా కాదు. తర్వాతి భాగాలు రెండు అనుకున్నారు, అవి రానేలేదు. 'తర్వాత ఏమైంది?' అని పిల్లలు అడిగితే ఇవ్వడానికి ఆట లేదు.

#20 — శంకరాభరణం29

సంగీతం గురించి చెప్పడం మరిచాను. నేపథ్యంలో వినిపించేదంతా చైకోవ్‌స్కీ స్వాన్ లేక్ బ్యాలేలోది. కథలో హంసలు ఊరికే రాలేదు. పాత డాస్ వెర్షన్‌లో దాన్ని ఆడ్‌లిబ్ అనే సౌండ్ కార్డు మీద వింటే తగరపు బూరల్లా ఉంటుంది. రోలాండ్ ఎమ్‌టీ-32 అనే సంగీత పరికరం కోసం విడిగా ఒక అప్‌డేట్ ఇచ్చారు, అది ఉన్న కాపీ అయితే స్కమ్‌వీఎమ్‌లో ఎమ్‌టీ-32 ఎమ్యులేషన్ ఎంచుకోండి, తేడా బాగా తెలుస్తుంది.

#21 — పదహారురంగులు

ఆడ్‌లిబ్‌ను తిట్టడం తప్పితే మిగతావాటితో ఏకీభవిస్తున్నాను.

#22 — బొమ్మలపెట్టె

సీడీ వెర్షన్, స్టాండర్డ్, స్వరాల్లో నాలుగు గడుల పట్టిక. నిర్ణయం అయిపోయింది. ఇంకొక్కటి. పాత పెట్టెలో కథకు ముందుమాటగా ఒక క్యాసెట్ ఉండేదని చదివాను. అది వినకపోతే కథ అర్థమవుతుందా?

#23 — దారిచూపు

అరగంట శ్రవ్య నాటిక అది. బాబిన్ పుట్టుక, తల్లి సిగ్నా, నేతవాళ్ల పెద్దలు అతన్ని ఎందుకు దూరం పెట్టారు అన్నదంతా అందులో ఉంటుంది. వినకపోయినా ఆట నడుస్తుంది, కానీ గుడారంలో జరిగే మొదటి దృశ్యం పిల్లలకు అయోమయంగా ఉంటుంది. సీడీ వెర్షన్‌లో మాటలు కుదించారు కాబట్టి మరీను. ముందే మీరు విని, రెండు మూడు వాక్యాల్లో తెలుగులో చెప్పి మొదలుపెట్టండి: నేతవాళ్ల దీవి, మగ్గంలోకి అనుకోకుండా చేరిన ఒక బూడిదరంగు దారం, దానివల్ల పుట్టిన పిల్లవాడు, ఈరోజు వాడికి పదిహేడేళ్లు. అంతకు మించి చెప్పొద్దు.

సేవ్‌కు ఎఫ్5 నొక్కండి. టాబ్లెట్‌లో అయితే స్కమ్‌వీఎమ్ మెనూలోంచి చేసుకోవచ్చు. కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టేముందు ఒకటి, ఏదైనా కొత్త డ్రాఫ్ట్ విన్నాక ఒకటి. పేరులో చోటు రాయండి, తేదీ కాదు. స్వరాలు రాసుకోవడం మరిస్తే వెనక్కి ఎక్కడికి వెళ్లాలో అప్పుడే తెలుస్తుంది.

#24 — కొత్తమగ్గం

కాపరులు పారిపోయారు 😄 గొర్రెలన్నీ పచ్చగా ఉన్నాయి. డ్రాగన్ గుహలో బంగారం గుట్టల మధ్య ఉన్నాను. రాట్నం పేజీ వెతుకుతున్నాను, విలోమం గడి ఖాళీగా ఉంది...

#25 — దారిచూపు

అనులోమం గడి ఉంది కదా. చివరి స్వరం నుంచి మొదలుపెట్టి చదవండి. రాసుకున్నాకే వాయించండి.